తొలి భారతీయ నౌకాదళాధిపతి రామ్‌దాస్ కటారి

భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతిగా వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి 1958 ఏప్రిల్ 22న బాధ్యతలు చేపట్టారు. అప్పటివరకూ ఆ పదవిలో ఉన్నది బ్రిటిష్ రాయల్ నేవీ అధికారి సర్ స్టీఫెన్ హోప్ కార్లిల్. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికే పదేళ్ళు దాటింది. సైన్యానికి 1949 జనవరి 15న కరియప్ప, వైమానిక దళానికి 1954 ఏప్రిల్ 1న సుబ్రతో ముఖర్జీ తొలి భారతీయ అధిపతులయ్యారు. నౌకాదళం మాత్రం మరో నాలుగేళ్ళు ఆగవలసి వచ్చింది. ఎందుకు ఆగిందో కటారి ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచి చూస్తే తెలుస్తుంది. ఆయన 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో పుట్టారు, సికింద్రాబాద్‌లో చదువుకున్నారు. సముద్రం మీద అధికారి కావడానికి భారతీయ కుర్రవాడికి సరైన బడి కూడా లేని కాలం అది.

కటారి చదువుకున్న హైదరాబాద్ రాజ్యానికి తీరమే లేదు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి పోయాక నిజాములకు సముద్రం దూరమైంది. 1802 నాటి వర్తక ఒప్పందం మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు ఇచ్చింది గానీ, రేవు కంపెనీదే. రాజ్యానికి దక్షిణాన ఉన్న పెద్ద నీళ్ళంటే కృష్ణ, తుంగభద్రలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల జనానికి నీటి ప్రయాణమంటే ఆ నదులు దాటడమే. వెదురు బద్దల చట్రానికి తోలు బిగించిన గుండ్రటి పుట్టిలో మనుషులు, ధాన్యం బస్తాలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరేవి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల నడిగడ్డకు వరదల కాలంలో పుట్టి నడిపేవాడే ఆధారం. సుడి ఎక్కడుందో, బండ ఎక్కడ మునిగి ఉందో, నీటి రంగు చూసి లోతు ఎలా పోల్చుకోవాలో తెలిసిన ఆ మనుషులది నిజమైన నౌకావిద్యే. అయితే అది నదికి సంబంధించిన విద్య, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. దాన్ని పట్టుకుని సముద్రం మీద కొలువు సంపాదించే మార్గం ఎవరికీ లేదు.

సైనిక సంప్రదాయానికి ఈ ప్రాంతంలో కొదవ లేదు. గద్వాల కోట, వనపర్తి సంస్థానం, కొల్లాపురం కేంద్రంగా సాగిన జటప్రోలు సంస్థానం, ఇవన్నీ తమ తమ బలగాలతో బతికాయి. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఒక ఆశ్వికదళం నిలిపారు. 1866లో ఆయన పోయాక అది నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆ ఆఫ్రికన్ ఆశ్వికుల వల్లే వచ్చింది. సముద్రాలు దాటి వచ్చినవారి సంతతి కూడా ఇక్కడ గుర్రమెక్కింది తప్ప ఓడెక్కలేదు. హైదరాబాద్ పేరు మాత్రం కటారి బాల్యంలోనే సముద్రం మీదికి వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, బ్రిటన్ ఒక ఓడ కట్టి దానికి హైదరాబాద్ అని పేరు పెట్టింది. చూపులకు మామూలు సరకుల ఓడ, లోపల దాచిన ఫిరంగులు. జర్మన్ జలాంతర్గాములను దగ్గరికి రప్పించి కొట్టడానికి తయారైన మారువేషపు ఓడ అది.

కటారి చదివిన మహబూబ్ కాలేజీ 1862లో సోమసుందరం మొదలియార్ నెలకొల్పిన విద్యాసంస్థ. 1893 ఫిబ్రవరిలో, చికాగో సభలకు వెళ్ళే ముందు, స్వామి వివేకానంద ప్రసంగించింది ఇక్కడే. కంటోన్మెంటు పట్టణమైన సికింద్రాబాద్‌లో తెలుగు, తమిళ, మరాఠీ కుటుంబాల పిల్లలు ఇక్కడ ఇంగ్లీషు చదువు చదివి గుమాస్తాలు, వకీళ్ళు, ఇంజనీర్లు అయ్యేవారు. ఓడ మీద అధికారి కావాలన్న ఆలోచన అప్పటి మధ్యతరగతి ఇంట్లో ఎవరికీ తట్టేది కాదు. తట్టినా 1927 దాకా దారి లేదు.

ఆ దారి తెరుచుకోవడం వెనుక పెద్ద వివాదమే నడిచింది. 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పుట్టి, ఆ ఏడాది ఏప్రిల్ 5న దాని ఓడ లాయల్టీ బొంబాయి నుంచి ఇంగ్లండు బయలుదేరింది. భారతీయ పెట్టుబడితో ఓడలైతే వచ్చాయి కానీ వాటిని నడిపే అధికారులు ఇంగ్లీషువారే. లష్కర్లుగా పిలిచే వేలాది భారతీయ నావికులు ప్రపంచమంతటా ఓడల్లో బొగ్గు ఎగదోస్తూ, డెక్కులు కడుగుతూ పనిచేసేవారు. బ్రిడ్జి అనే పై వేదిక మీద నిలబడి ఓడ నడిపించే ఉద్యోగానికి మాత్రం వారిలో ఎవరికీ శిక్షణ లేదు. 1922లో పి.ఎస్. శివస్వామి అయ్యర్ కేంద్ర శాసనసభలో ఈ సంగతి లేవనెత్తారు. రాయల్ ఇండియన్ మెరైన్ డైరెక్టర్ కెప్టెన్ హెడ్లమ్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. భారత తీరంలో సరకు రవాణాను క్రమంగా భారతీయ ఓడలకే కేటాయించాలనీ, భారతీయ కుర్రవాళ్ళకు శిక్షణ నౌక కావాలనీ ఆ సంఘం సిఫారసు చేసింది. మొదటి సిఫారసు బ్రిటిష్ ఓడల కంపెనీల లాభాలకు గండి కొట్టేది, కాబట్టి ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టింది. రెండోది తక్కువ ఖర్చుతో తేలిపోయేది, కాబట్టి ఒప్పుకుంది. అలా వచ్చిందే శిక్షణ నౌక డఫరిన్.

డఫరిన్ కొత్త ఓడ కాదు. సైనికులను చేరవేయడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో కట్టినది. దాన్ని బొంబాయిలో మజగావ్ దగ్గర లంగరు వేసి బడిగా మార్చారు. మొదటి అధిపతి రాయల్ ఇండియన్ మెరైన్‌కు చెందిన కెప్టెన్ డిగ్బీ బెస్ట్. 1927 చివర్లో మొదటి జట్టు క్యాడెట్లు చేరారు. వారిలో ఒకరు పదహారేళ్ళ కటారి. మూడేళ్ళ చదువు. తెల్లవారకముందే లేచి డెక్కు కడగడం, తెడ్లు వేసి పడవ నడపడం, తాళ్ళ ముడులు, తెరచాపలు, జెండాల భాష, ఆ పైన గణితం, ఖగోళం, పటాల మీద దారి గీయడం. వేర్వేరు కులాల, మతాల, రాష్ట్రాల పిల్లలు ఒకే వరండా లాంటి డెక్కు మీద పడుకుని, ఒకే బల్ల మీద తినేవారు. ఆ రోజుల్లో అదే పెద్ద మార్పు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. డఫరిన్ యుద్ధ నౌకాదళానికి అధికారులను తయారుచేసే బడి కాదు, వర్తక నౌకల కోసం పెట్టినది. ముందుముందు భారత నౌకాదళాన్ని నడపబోయే మనిషి పక్కదారిలో వచ్చాడన్నమాట. అసలు దారి దాదాపు మూసి ఉంది. రాయల్ ఇండియన్ మెరైన్‌లో భారతీయుడికి తొలి అధికారి హోదా దక్కింది 1928 జనవరిలో. ఆ వ్యక్తి డి.ఎన్. ముఖర్జీ, అదీ ఇంజనీరింగ్ విభాగంలో. సైన్యంలో కరియప్పకు కమిషన్ వచ్చింది 1919లో. ఆయన సేనాధిపతి కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. నౌకాదళంలో ఆ ముప్పై ఏళ్ళ లెక్క 1928 నుంచి మొదలైంది కాబట్టి 1958 దగ్గర తేలింది. భారతీయులు అప్పటికి సిద్ధంగా లేరని, అనుభవం చాలదని బ్రిటిష్ వారు చెప్పినది పైకి నిజమే. కానీ ఆ అనుభవం మొదలు కాకుండా తలుపు మూసి ఉంచినది కూడా వారే. జాప్యానికి అసలు కారణం అదే.

డఫరిన్ తర్వాత కటారి చేరింది కలకత్తా రేవు సంస్థ వారి హుగ్లీ నది సర్వేలో. ఇది చిన్న ఉద్యోగంలా కనిపిస్తుంది గానీ సముద్రపు మనిషికి అంతకంటే కఠినమైన బడి దొరకదు. కలకత్తా సముద్రం ఒడ్డున లేదు. సాండ్‌హెడ్స్ దగ్గర బంగాళాఖాతం నుంచి ఓడలు 200 కిలోమీటర్లకు పైగా నదిలో ఎదురీదుతూ వెళ్ళాలి. అడుగున ఇసుక తిన్నెలు స్థిరంగా ఉండవు. ఈ వారం లోతుగా ఉన్న చోట పై వారానికి మేట వేస్తుంది. దామోదర, రూప్‌నారాయణ్ నదులు కలిసే చోట జేమ్స్ అండ్ మేరీ అనే తిన్నె ఎన్నో ఓడలను మింగింది. ఇసుకకు ఒకసారి తగిలిన ఓడను ఆటుపోటుల ప్రవాహం బోర్లా తోసేసేది. అందుకే సర్వే సిబ్బంది నిరంతరం లోతులు కొలుస్తూ, గుర్తులు మారుస్తూ, కొత్త పటాలు గీస్తూ ఉండాలి. వారి అంకె ఒక్కటి తప్పితే పెద్ద ఓడ నడిచే దారి మూసుకుపోతుంది. కృష్ణలో పుట్టి నడిపేవాడు చూపుతో, గడతో పోల్చుకునే సంగతినే ఇక్కడ కొలతలతో, కాగితం మీద తేల్చాలి. 1930 దశకమంతా కటారికి ఈ నదిలోనే గడిచింది.

ఇంతలో 1934 అక్టోబరు 2న రాయల్ ఇండియన్ మెరైన్ స్థానంలో రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడింది. పేరు పెద్దదే గానీ దళం చిన్నది. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి దాని దగ్గర ఉన్నవి స్లూపులనే కొద్దిపాటి చిన్న యుద్ధనౌకలు, ఇతర చిన్న ఓడలు. హఠాత్తుగా వందల కొద్దీ అధికారులు అవసరమయ్యారు. డఫరిన్ నుంచి వచ్చి రేవుల్లో, వర్తక నౌకల్లో పనిచేస్తున్నవారు అప్పుడు గుర్తొచ్చారు. కటారి రిజర్వు అధికారిగా నౌకాదళంలోకి వచ్చి జలాంతర్గాముల వేటలో ప్రత్యేక శిక్షణ పొందారు. నీటిలోకి ధ్వని తరంగాన్ని పంపి, అది తగిలి తిరిగొచ్చే చప్పుడును బట్టి జలాంతర్గామి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో తేల్చే పరికరం అప్పటి కొత్త ఆయుధం. దాన్ని వాడాలంటే చెవి, లెక్క, ఓపిక మూడూ కావాలి. హుగ్లీలో కనిపించని అడుగును కొలుస్తూ గడిపిన వ్యక్తికి ఇది బొత్తిగా పరాయి విద్య కాదు.

యుద్ధం నడుస్తుండగా తెలుగు నేలకు సంబంధించిన పేర్లు సముద్రం మీద చాలా కనిపించాయి. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఒక డెస్ట్రాయర్‌కు నిజాం అని పేరు పెట్టారు. స్కాట్లండులో క్లైడ్ ఒడ్డున జాన్ బ్రౌన్ కంపెనీ కట్టిన ఆ ఓడ 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. క్రీట్ ద్వీపం నుంచి సైనికుల తరలింపులో, ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు సరకులు చేరవేయడంలో పాల్గొంది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొన దగ్గర ఒక రాక్షస అల దాని మీద విరుచుకుపడి పదిమంది నావికులను లాక్కుపోయింది. ఆ సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన రోజున ఆ ఓడ టోక్యో అఖాతంలోనే ఉంది. సముద్రమే లేని రాజ్యపు పాలకుడి పేరు అంత దూరం వెళ్ళింది.

రాయల్ ఇండియన్ నేవీ తన కొత్త స్లూపులకు నదుల పేర్లు పెట్టింది. 1943లో ఇంగ్లండులో గోదావరి, గ్లాస్గోలో కృష్ణ నీటిలోకి దిగాయి. రెండోదాని పేరు అప్పటి ఇంగ్లీషు పద్ధతిలో కిస్ట్నా. గద్వాల, వనపర్తి, కొల్లాపురం మీదుగా పారే నది పేరు మోసిన ఆ ఓడ 1944–45లో బర్మా తీరంలో అరకాన్ యుద్ధంలో పాల్గొంది. అంతకు ముందే, 1942 నవంబరు 11న, బెంగాల్ అనే చిన్న మైన్‌స్వీపర్ ఒక డచ్చి ట్యాంకరుకు తోడుగా వెళ్తూ, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాన్ దాడి ఓడలను ఎదిరించి, ఒకదాన్ని మంటల్లో ముంచి బయటపడింది. భారతీయ నావికులకు యుద్ధం చేతకాదన్న మాట ఆ తర్వాత ఎవరూ గట్టిగా అనలేకపోయారు.

యుద్ధం ముగిశాక ఆ నావికులే ఎదురుతిరిగారు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ సిగ్నల్ బడిలో తిండి గురించి, అధికారుల బూతు మాటల గురించి మొదలైన సమ్మె రెండు రోజుల్లో కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా పాకింది. అప్పటి నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ జాన్ గాడ్‌ఫ్రే. 1888లో పుట్టిన ఈయన యుద్ధం మొదట్లో బ్రిటిష్ నౌకా గూఢచారి విభాగానికి అధిపతి. ఆయన కింద పనిచేసిన ఇయాన్ ఫ్లెమింగ్ తర్వాత జేమ్స్ బాండ్ నవలల్లో ‘ఎం’ పాత్రకు ఆయననే నమూనాగా తీసుకున్నాడని చెబుతారు. అంతటి సమర్థుడికి కూడా తన ఓడల్లోని మనుషుల మనసు తెలియలేదు. లొంగకపోతే దళాన్నంతా నాశనం చేయడానికైనా వెనుకాడమని రేడియోలో హెచ్చరించాడు. ఫిబ్రవరి 23న తిరుగుబాటు ఆగింది. భారతీయ అధికారులకు ఆ రోజులు పెద్ద పరీక్ష. పైన బ్రిటిష్ కమాండర్లు, కింద తమ దేశపు నావికులు. ఆ మధ్యలో నిలిచినవారే తర్వాతి దళానికి నాయకులయ్యారు.

1947లో ఓడలను రెండు దేశాలకూ పంచారు. స్లూపులలో కృష్ణ, కావేరి, సట్లెజ్, జమున భారత్‌కు, గోదావరి, నర్మద పాకిస్తాన్‌కు వెళ్ళాయి. భద్రాచలం, రాజమండ్రి మీదుగా పారే నది పేరు కరాచీ రేవుకు, సింధు ఉపనది పేరు బొంబాయికి చేరడం ఆ పంపకాల్లోని విచిత్రం. కొన్నాళ్ళకు పాకిస్తాన్ తన గోదావరికి సింద్ అని పేరు మార్చుకుంది. కృష్ణ మాత్రం 1981 దాకా భారత నౌకాదళంలో పనిచేసింది.

విభజన నాటికి భారతీయ అధికారులలో సీనియర్లు సైతం కమాండర్ స్థాయి దగ్గరే ఉన్నారు. క్రూయిజర్ నడిపిన అనుభవం ఒక్కరికీ లేదు. అందుకే ప్రభుత్వం బ్రిటిష్ అధికారులనే అధిపతులుగా పెట్టుకుంది. 1947 ఆగస్టులో జె.టి.ఎస్. హాల్, 1948లో ఎడ్వర్డ్ ప్యారీ, 1951లో మార్క్ పిజీ, 1955లో కార్లిల్. వీరిలో ప్యారీ గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే కటారి తరానికి ఎదురుగా నిలబెట్టి చూడదగ్గ బ్రిటిష్ నౌకాధికారి ఆయనే. 1893లో పుట్టి, 1905లో పన్నెండేళ్ళకే ఆస్బోర్న్ నౌకా కళాశాలలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే యువ అధికారి. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికాలో ప్లేట్ నది ముఖద్వారం దగ్గర జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పేను మూడు క్రూయిజర్లు చుట్టుముట్టినప్పుడు వాటిలో అకిలీజ్‌కు కెప్టెన్ ఈయనే. తమకన్నా ఎంతో పెద్ద ఫిరంగులున్న శత్రువుతో పోరాడుతూ రెండు కాళ్ళకూ గాయాలైనా బ్రిడ్జి విడవలేదు. నాలుగు రోజుల తర్వాత గ్రాఫ్ స్పేను మాంటెవీడియో బయట జర్మన్లే ముంచేసుకున్నారు. ప్యారీ తర్వాత న్యూజిలండు నౌకాదళాన్ని నడిపాడు, నార్మండీ దాడిలో పాల్గొన్నాడు, గూఢచారి విభాగానికి అధిపతి అయ్యాడు. పన్నెండేళ్ళకే యూనిఫారం తొడిగి, ప్రతి మెట్టూ వరుసగా ఎక్కిన జీవితం అది. కటారి పదహారేళ్ళకు వర్తక నౌకల బడిలో చేరి, పదేళ్ళు నది లోతులు కొలిచి, యుద్ధం వచ్చాక గానీ దళంలో అడుగుపెట్టలేకపోయారు. ఇద్దరి మధ్య తేడా ప్రతిభది కాదు.

ప్యారీ భారత్‌కు వచ్చిన ఏడాదే ఆయన పాత ఓడ అకిలీజ్ కూడా వచ్చింది. 1948 జులై 5న అది ఢిల్లీ అనే కొత్త పేరుతో భారత నౌకాదళంలో చేరి, సెప్టెంబరు 16న బొంబాయి చేరింది. హైదరాబాద్ మీద పోలీసు చర్య సాగుతున్న వారం అది. మరునాడే నిజాం లొంగిపోయాడు. 1956లో ప్లేట్ నది యుద్ధం మీద బ్రిటిష్ సినిమా తీసినప్పుడు అకిలీజ్ పాత్రలో కనిపించింది ఈ ఢిల్లీ ఓడే. భారతీయ అధికారులు క్రూయిజర్ నడపడం నేర్చుకున్నదీ దీని మీదే. 1949లో మూడు డెస్ట్రాయర్లు రాజ్‌పుత్, రాణా, రంజిత్ వచ్చాయి. ప్యారీ, పిజీ ఇద్దరూ భారతీయ అధికారులను వేగంగా పైకి తేవడానికి నిజాయితీగా పాటుపడ్డారు. అయితే ఓడలు, ఫిరంగులు, విడిభాగాలు, పై చదువులు అన్నీ బ్రిటన్ నుంచే రావలసి ఉండటం వల్ల ఆ బంధం తెంచుకోవడానికి భారత ప్రభుత్వం కూడా తొందరపడలేదు.

రిజర్వు నుంచి శాశ్వత సర్వీసులోకి వచ్చిన కటారి ఈ పదేళ్ళలో మెట్టు తర్వాత మెట్టు ఎక్కారు. ఓడల మీద, ప్రధాన కార్యాలయంలో ఉన్నత బాధ్యతలు చూసి, 1956లో రియర్ అడ్మిరల్ హోదాతో సముద్రం మీది భారత నౌకాదళానికి నాయకుడయ్యారు. అప్పటిదాకా ఆ పదవి కూడా బ్రిటిష్ వారిదే. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రపు తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనం తొలిసారి సుమారు 970 కిలోమీటర్ల తీరమున్న రాష్ట్రంలో భాగమయ్యారు.

నౌకాదళాధిపతిగా కటారి నాలుగేళ్ళు పనిచేశారు. ఆయన చేతికి దళం వచ్చేసరికి రెండో క్రూయిజర్ మైసూర్ చేరి ఏడాది కూడా కాలేదు. త్రిశూల్, తల్వార్, బ్రహ్మపుత్ర, బియాస్, బెత్వా, ఖుక్రీ వంటి కొత్త ఫ్రిగేట్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయి. ప్రతి ఓడకూ వందల మందిని నేర్పించి పంపాలి. అన్నిటికన్నా పెద్ద పని విమాన వాహక నౌక. బ్రిటన్ హెర్క్యులీస్ పేరుతో కట్టడం మొదలుపెట్టి 1946లో సగంలో ఆపేసిన ఓడను భారత్ 1957లో కొన్నది. బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేసి 1961 మార్చి 4న విక్రాంత్ పేరుతో విజయలక్ష్మీ పండిట్ దాన్ని నౌకాదళంలో ప్రవేశపెట్టారు. మొదటి కెప్టెన్ ప్రీతమ్ సింగ్ మహీంద్రూ. ఆ నవంబరులో అది బొంబాయి చేరింది. ఆసియాలో మరే దేశం దగ్గరా అప్పుడు విమాన వాహక నౌక లేదు. పేద దేశానికి ఇంత ఖరీదైన ఓడ ఎందుకన్న విమర్శ గట్టిగానే వచ్చింది. విమానాలు తోడులేని నౌకాదళం తీరం దాటి యుద్ధం చేయలేదన్నది నౌకాధికారుల వాదన. పదేళ్ళ తర్వాత 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, బంగాళాఖాతంలో విక్రాంత్ చేసిన పని చూస్తే ఆ వాదనే నెగ్గిందని ఒప్పుకోవాలి.

విక్రాంత్ వచ్చిన కొద్ది వారాలకే, ఇంకా పోర్చుగీసు ఏలుబడిలో ఉన్న గోవా వ్యవహారం ముదిరింది. నవంబరు 24న అంజిదీవ్ ద్వీపం నుంచి పోర్చుగీసు వారు సాబర్మతి అనే ప్రయాణికుల స్టీమరు మీద కాల్పులు జరిపారు. డిసెంబరు 18న భారత దళాలు కదిలాయి. అంజిదీవ్‌ను పట్టుకునే పని మైసూర్, త్రిశూల్ ఓడలకు అప్పగించారు. చిన్న ద్వీపమే అయినా గట్టి ప్రతిఘటన ఎదురై, నౌకాదళానికి చెందిన ఏడుగురు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు మధ్యాహ్నం మర్మగోవా రేవులో బెత్వా, బియాస్ ఓడలు పోర్చుగీసు యుద్ధనౌక అఫోన్సో డి అల్బుకర్క్‌తో తలపడ్డాయి. దెబ్బలు తిన్న ఆ ఓడను దాని సిబ్బందే ఒడ్డుకు ఎక్కించి తెల్లజెండా ఎత్తారు. ఢిల్లీ క్రూయిజర్ డయ్యూ కోట మీద కాల్పులు జరిపింది. విక్రాంత్ బయటి సముద్రంలో కాపు కాసింది. డిసెంబరు 19తో 451 ఏళ్ళ పోర్చుగీసు పాలన ముగిసింది. భారత నౌకాదళం స్వతంత్రంగా చేసిన తొలి పెద్ద సముద్ర యుద్ధం ఇదే. హైదరాబాద్ చరిత్ర తెలిసినవారికి ఇందులో మరో సంగతి కనిపిస్తుంది. తన రాజ్యానికి రేవు కావాలన్న ఆశతో 1947–48లో నిజాం ప్రభుత్వం పోర్చుగీసు వారి మర్మగోవా కోసం బేరాలు ఆడింది. ఆ ప్రయత్నం ఫలించలేదు. పద్నాలుగేళ్ళకు అదే మర్మగోవాను విడిపించిన నౌకాదళానికి సికింద్రాబాద్‌లో చదువుకున్న వ్యక్తి అధిపతి.

1962 జూన్ 4న కటారి పదవీ విరమణ చేశారు. మరునాడు భాస్కర్ సదాశివ్ సోమన్ బాధ్యతలు తీసుకున్నారు. నౌకాదళాధిపతికి పూర్తి అడ్మిరల్ హోదా 1968లో ఎ.కె. ఛటర్జీ కాలంలో గానీ రాలేదు కాబట్టి కటారి వైస్ అడ్మిరల్‌గానే విరమించారు.

1964లో ప్రభుత్వం ఆయనను బర్మాకు రాయబారిగా పంపింది. భారతీయులకు అక్కడ అది చాలా చెడ్డ కాలం. సైనిక పాలకుడు నే విన్ ఆ ఏడాది దుకాణాలను జాతీయం చేశాడు. తరతరాలుగా రంగూన్‌లో స్థిరపడ్డ లక్షలమంది కట్టుబట్టలతో వెనక్కి రావలసి వచ్చింది. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఒకప్పుడు కోరింగ రేవు దాటి వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రేవులో కూలి పని, బియ్యం మిల్లుల పని చేసి ఆ నగరాన్ని నిలబెట్టినవారు వాళ్ళు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరుతో ఇప్పటికీ ఉన్న పేట అలా తిరిగొచ్చినవారిదే. అంత ఉద్రిక్తతలోనూ రెండు ప్రభుత్వాల మధ్య మాటలు తెగిపోకుండా చూడటం రాయబారి పని. కటారి రాయబారిగా ఉండగానే 1967 మార్చి 10న భారత్, బర్మాల సరిహద్దు ఒప్పందం కుదిరింది.

తిరిగొచ్చాక ఆయన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశారు. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ఆ సంస్థ అప్పటికి రాష్ట్రమంతటా ఊరూరికీ విస్తరిస్తోంది. తన జ్ఞాపకాలను ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అనే ఇంగ్లీషు పుస్తకంగా 1982లో ప్రచురించారు. 1983 జనవరి 21న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. కొచ్చి నౌకా స్థావరంలో నౌకాదళ కుటుంబాలు ఉండే ప్రాంతం పేరు కటారి బాగ్.